కాలు ఒకరిది, రోగము ఊరిది

మన పల్లెలలో ఒక్కొక్క రోగమునకు ఒక్కొక్క మర్యాద కలదు. గుండెజబ్బు వచ్చినవానిని పరామర్శింప బంధువులు పండ్లు పట్టుకొని పోవుదురు. మధుమేహము కలవాడు విందుపంక్తిలో కూర్చుండి తన రోగమును తానే చెప్పుకొనును. కాని కాలు వాచినవాడు మాత్రము పంచె దిగగట్టి, నలుగురు లేచిపోవువఱకు అరుగుమీదినుండి కదలడు. కాలు వాచిన యాడుది చీరకుచ్చెళ్లు నేల జీరాడునట్లు కట్టుకొని, తుదకు పేరంటములకు పోవుటయే మానుకొనును. బోదకాలను మాట వినబడినచోట గొంతులు తగ్గును. ఈ తగ్గిన గొంతులమీదనే మా ఫిర్యాదు. దోమ చేయు పనికి ఈ మౌనము తోడుపడుచున్నది కనుక, దీనిని బిగ్గఱగా పలుకుట మేము పెట్టుకొన్న మొదటిపని.

ఇది ఎక్కడి కొండకోనలదో వింతరోగము కాదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము, గోదావరి మండలములు, చిత్తూరు, నల్లగొండ, కరీంనగరము, మెదకు, ఇట్లు తెలుగునేల నలుమూలల దీని జాడ తరతరములుగా కలదు. బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశము, ఝార్ఖండు దీనికి పెద్ద కాపురములు. లోకమునగల ఈ రోగభారములో సుమారు నూటికి 40 పాళ్లు భారతదేశముదే. ప్రపంచారోగ్యసంస్థ 2022 లో ఉపేక్షితములైన చర్మరోగములకై ప్రకటించిన కార్యప్రణాళికలో కుష్ఠుతోను గజ్జితోను పాటు దీనిని గూడ చేర్చినది. చర్మము దళసరియై, మడతలు పడి, గరుకెక్కి, పులిపిరులవంటి బొడిపెలు లేచి, రసి కారుచు దుర్వాసన వేయుట లోకము చూచునది. చూచి ముక్కు మూసికొనును. చూడనిది లోపల నున్నది. దానినిగూర్చి అడుగువారు అరుదు.

అడుగకయే జవాబు చెప్పువారు మాత్రము మనలో కొల్లలు. పూర్వజన్మపాపమని యొకరు, వంశదోషమని యొకరు, కాలికి చెడునీరు దిగినదని యొకరు, ఎవరో చేయించినదని మఱియొకరు. ప్రాచీనతపై అభిమానముగల పెద్దలకు మేము ప్రాచీనగ్రంథమునే చూపెదము. సుశ్రుతసంహితలోని నిదానస్థానమున ఈ రోగము శ్లీపదమను పేర వర్ణింపబడినది. పాతనీరు నిలువయుండి అన్ని ఋతువులందును చల్లగా నుండు ప్రదేశములలో ఇది విశేషముగా పుట్టునని అందు చెప్పబడినది. ఆ వైద్యుడు దోమను గుర్తింపలేదు, నిజమే. కాని రోగి యెక్కడివాడని అడిగి అక్కడి నేలను, నీటిని పరికించినాడు. ఎన్నో శతాబ్దముల క్రిందటి వైద్యుడు నిలువనీటిని వ్రేలెత్తి చూపగా, 21 వ శతాబ్దపు పెద్దమనిషి రోగి నొసటివ్రాతను చూపుచున్నాడు. వీరిలో ఎవరు ముందు, ఎవరు వెనుక?

సుశ్రుతుడు చూపిన నీటికిని వాచిన కాలికిని నడుమనున్న లంకె 19 వ శతాబ్దమున తెలిసినది. 1872 లో కలకత్తాలో టిమొతీ లూయిస్ అను వైద్యుడు మనుష్యుని నెత్తుటిలో సూక్ష్మక్రిములను చూచెను. 1876 లో ఆస్ట్రేలియాలో జోసెఫ్ బాంక్రాఫ్టు వాని తల్లిపురుగును కనుగొనెను. 1877 లో చైనాదేశపు అమోయ్ రేవున పాట్రిక్ మాన్సన్ ఆ క్రిములు దోమ శరీరమున పెరుగుటను కనిపెట్టెను. సికిందరాబాదులో రొనాల్డు రాస్ మలేరియాక్రిమిని దోమ కడుపున చూచినది అటుపిమ్మట 20 ఏండ్లకు, 1897 లో. దోమకును మనుష్యరోగమునకును గల సంబంధము లోకమునకు మొదట తెలియవచ్చినది ఈ బోదకాలు మూలముననే. అంతకాలముగా తెలిసిన సంగతి మన రచ్చబండవఱకు నేటికిని నడచిరాలేదు.

ఆ సంగతి యిది. తెల్లని సన్నని దారములవంటి పురుగులు మన దేహమునందలి రసనాళములలో కాపురముండును. అవి 6 మొదలు 8 ఏండ్లవఱకు బ్రదికి, లక్షలకొలది పిల్లక్రిములను నెత్తుటిలోనికి విడుచును. ఈ పిల్లక్రిములు పగటివేళ దేహపు లోతట్టున దాగి, రాత్రి 10 గంటలు మొదలు 2 గంటలవఱకు పైచర్మపు నెత్తుటికి విశేషముగా వచ్చును. ఆరోగ్యశాఖవారు రాత్రిపూట తలుపుతట్టి వ్రేలిని గుచ్చి నెత్తురు తీయుట ఇందులకే; వేళాకోళమునకు కాదు. సరిగా ఆ వేళకే క్యూలెక్సు జాతి దోమ మన పడకటింట తిరుగును. అది పీల్చిన క్రిమి దానిలో ఇంచుమించు రెండువారములు పెరిగి, అది మఱియొకని కఱచునప్పుడు చర్మముపైకి జారి, ఆ గాటిగుండ లోనికి ప్రవేశించును. దోమలో క్రిమి పెరుగునేకాని ఒకటి పదిగా హెచ్చదు. కావున ఒకటి రెండు కాట్లతో ఈ రోగము పట్టదు. నెలలతరబడి, ఏండ్లతరబడి వేలకొలది కాట్లు పడవలెను. అనగా ఇది ఒకరాత్రి యుండిపోవు అతిథిని పట్టు రోగము కాదు. మురుగుప్రక్కన బ్రదుకు నివాసిని పట్టు రోగము. ఒకే యింట తండ్రికిని కొడుకునకును వచ్చినదన్న, అది వంశమునబడి వచ్చినది కాదు. ఇరువురును ఒకే పంచలో, ఒకే దోమలనడుమ పండుకొనుటచేత వచ్చినది.

ఇక చదువరులు నిదానించి గ్రహింపవలసిన విషయమునకు వచ్చితిమి. పురుగు సోకినవారిలో అధికసంఖ్యాకులకు పైకి ఏ లక్షణమును కనబడదు. వారు పొలము దున్నుదురు, బడికి పోవుదురు, పెండ్లిపందిళ్లలో తిరుగుదురు. వారి నెత్తుటిలో ప్రతిరాత్రియు క్రిములు తిరుగుచుండును. కాలు వాచి ముదిరినవారి నెత్తుటిలోనో, తఱచుగా ఆ క్రిములు ఉండవు. పురుగు రసనాళములను చెఱచి పోయినది, చెడినకాలు మిగిలినది. ముట్టుకొన్నచో అంటదు, పక్కన కూర్చున్నచో అంటదు, వారి కంచమున తిన్నను అంటదు. కావున రోగిని చూచి ఎడముగా జరుగువాడు ఎవరినుండి జరుగుచున్నాడు? పంచగల వ్యాధి ఆ రోగియొద్ద లేక, జరిగినవాని నెత్తుటనే ఉండవచ్చును. వెలివేయబడినవాడు నిర్దోషి, వెలివేసినవాడు, తా నెఱుగకయే, దోమకు విత్తనమిచ్చువాడు. మన సంఘము చేయు తీర్పులలో ఇంతకన్న తలక్రిందైన తీర్పు మఱియొకటి కలదా?

ఈ యొక్క సత్యమును పట్టుకొన్నచో తక్కిన ధర్మములన్నియు దానినుండియే తేలును. క్రిమి యెవరియొద్దనున్నదో కంటికి తెలియదు కనుక, మందు ఊరివారందఱును మ్రింగవలెను. ఆ మందు నేటిది కాదు, మనకు పరాయిదియు కాదు. డైఇథైల్‌కార్బమజైన్ అను ఈ యౌషధము అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమునుండి 1947 లో లోకమునకు తెలియవచ్చినది. ఆ పరిశోధనలకు నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895 లో భీమవరమున జన్మించిన తెలుగుబిడ్డ. ఆయన 1948 లో కన్నుమూసెను. మనము ఆయన పేర సభలు చేయుదుము, పటమునకు దండ వేయుదుము. ఆయన ఆధ్వర్యవమున పుట్టిన మాత్రను ఆయన పుట్టిన గోదావరిసీమలో పుచ్చుకొని, చూరులో దోపినవారును, మురుగుకాలువలో పాఱవేసినవారును ఎందఱో కలరు. గొప్పవానికి ఇది ఏపాటి గౌరవమో చదువరులే నిర్ణయింతురుగాక.

దేశమున 2004 నుండి ఏడాదికొకమాఱు ఈ మాత్రల పంపిణీ విరివిగా జరుగుచు వచ్చినది. పెద్దలకు ఇవి 3, దీనితో కడుపుపురుగులకు వాడు ఆల్బెండజోల్ మాత్ర 1. 2018 నుండి కొన్ని జిల్లాలలో ఐవర్మెక్టిన్ అను మూడవమందును గూడ చేర్చినారు. 2 ఏండ్లలోపు పసివారికిని, గర్భిణులకును, తీవ్రమైన జబ్బుతో నున్నవారికిని ఈ మందు ఈయరు. పరగడుపున మ్రింగరాదు. తక్కిన ప్రతివారును మ్రింగవలసినదే. జనసంఖ్యలో నూటికి 65 మందికి తగ్గక, ఏండ్లు తప్పక మ్రింగినప్పుడే క్రిమి ఊరినుండి తొలగును. నూటికి నలుబదిమంది మ్రింగి తక్కినవారు నవ్వుచు కూర్చున్నచో, మ్రింగిన నలుబదిమంది శ్రమయు వ్యర్థమగును.

‘‘మాకేమి రోగమున్నదని మందు మ్రింగవలెను?’’ అను ప్రశ్న మనకు ప్రతివీథిలో ఎదురగును. దానికి జవాబు పైననే చెప్పితిమి: ఉన్నదో లేదో నీ కన్ను చెప్పలేదు. కాలు వాచినపిమ్మట మాత్రకై పరుగెత్తుట చేతులు కాలినాక ఆకులు పట్టుకొనుట. ‘‘మ్రింగినవారికి జ్వరము వచ్చినది, తల తిరిగినది’’ అను మాటయు వినబడును. అది కొంత నిజమే, దాచవలసిన పనిలేదు. నెత్తుట క్రిములున్నవానికి మందు పడగానే అవి చచ్చును. ఆ చావువలన ఒకటి రెండు దినములు జ్వరము, తలనొప్పి, వికారము కలుగవచ్చును. ఆ జ్వరమే సాక్ష్యము: రోగము లేదనుకొన్నవాని యొంట రోగమున్నదని అది చాటుచున్నది. కాని ఈ మాట ముందుగా చెప్పక, గుప్పెడు మాత్రలు చేతబెట్టి సంతకము పెట్టించుకొని పోయినచో, జనులు భయపడుటలో తప్పేమున్నది? పేదవాని భయమును మూర్ఖతయని కొట్టివేయు చదువరులతో మేము ఏకీభవింపము. కారణము చెప్పినచో మన రైతు వినును. చెప్పనివానిది తప్పు; విన్నపిమ్మటకూడ పాఱవేసినవానిది తప్పు.

ఇచట అధికారులతో మాకొక కలహము కలదు. పంచిన మాత్రలు వేఱు, మ్రింగిన మాత్రలు వేఱు. కాగితముమీద మొదటిదానిని లెక్కించి రెండవదిగా చూపుట మన కార్యాలయములకు అలవాటైనది. గింజలు పంచినంతమాత్రమున పంట పండినదని వ్రాసికొను కరణమును ఎవరును మెచ్చరు. ఎదుట నిలుచుండి, నీరిచ్చి, మ్రింగించి, అప్పుడు గీత గీయవలెను. ఆ పని చేయవలసినవారు ఎండలో ఇల్లిల్లు తిరుగు ఆశా కార్యకర్తలు. వారికి తగిన ప్రతిఫలమీయక, కూడ ఒక వైద్యుని పంపక, జ్వరము వచ్చిననాడు ఊరివారి తిట్లన్నియు వారిచేత తినిపించుట న్యాయము కాదు. 1955 లోనే జాతీయ ఫైలేరియా నియంత్రణకార్యక్రమము ప్రారంభమైనది. 2002 నాటి జాతీయారోగ్యవిధానము 2015 నాటికి ఈ రోగమును తుడిచివేయుదుమని పలికినది. ఆ గడువు దాటినది. పలుమాఱులు జరిగి నేడు 2027 వద్ద నిలిచియున్నది. గడువులను జరుపుటకు సిరా చాలును; దోమను జరుపుటకు సిరా చాలదు.

దోమను జరుపవలెనన్న దాని పుట్టినింటికి పోవలెను. డెంగీదోమ మంచినీటి కుండలో పుట్టును. బోదకాలు దోమ మురుగులో పుట్టును. కదలని కాలువ, వీథినడుమ సగము త్రవ్వి విడిచిన గుంట, మూతలేని మరుగుదొడ్డి గొయ్యి, పగిలిన సెప్టిక్ ట్యాంకు, ఇవి దాని పురుటిగదులు. ఊరిపెద్ద ఇంటిముందు సిమెంటుబాట వేసి, ఆ బాటనీరంతయు పేదలవాడలోనికి మళ్లించి, అచ్చట నిలిచిన నీటిపై దోమలు ముసరగా, ‘‘ఆ వాడవారికి శుచి లేదు’’ అనువారిని మేమెఱుగుదుము. పుండుమీద కారము చల్లుట యనగా ఇదియే. శుచి వాడవారికి లేదా, వాడకు కాలువ నిచ్చుట మఱచిన పాలకవర్గమునకు లేదా? సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టమునకు చేరెడు వలగుడ్డ కట్టుటకు ఎంత ధనము కావలెను? మురుగు పాఱునట్లు వాలు చూచి కాలువ త్రవ్వుటకు ఏ విదేశవిద్వాంసుడు రావలెను? పంచాయతీసభలో ముఖద్వారమునకు రంగు వేయు విషయము మూడుగంటలు చర్చింపబడును. మురుగుకాలువ విషయము మూడునిమిషములు. ఓటు అడుగవచ్చినవానిని ముందుగా ఆ కాలువగట్టుమీద నిలబెట్టి మాటలాడించినచో సభ త్వరగా ముగియును, పని త్వరగా మొదలగును.

ఇంతవఱకు రానున్న రోగమును గూర్చి చెప్పితిమి. ఇప్పటికే కాలు వాచినవారి మాటయేమి? ‘‘దీనికి మందు లేదు, పొమ్ము’’ అని వైద్యులలోనే కొందఱు పంపివేయుదురు. ఇది అర్ధసత్యము, అర్ధసత్యము అసత్యముకంటె ఎక్కువ చెఱుపు చేయును. చాలకాలము ముదిరిన వాపు మాత్రతో దిగకపోవుట నిజము. కాని రోగిని మంచమెక్కించునది వాపుకంటె, నడుమనడుమ వచ్చు చలిజ్వరము. గజ్జలలో బిళ్లలు కట్టి, కాలు ఎఱ్ఱబడి, ముట్టనీయని పోటుతో రోజులతరబడి పడుకొనబెట్టు ఆ జ్వరముతో కూలి పోవును, ఒక్కొక్క జ్వరమునకు కాలు మఱింత లావగును. ఆ జ్వరమునకు కారణము వ్రేళ్లసందులలోని పుండ్లగుండ, పగుళ్లగుండ లోనికి చొచ్చు సూక్ష్మజీవులు. నాట్లకు బురదలో దిగు కూలిమనిషికి అవి దినమును ఎదురగునవే. దానిని అరికట్టు మార్గము ఆశ్చర్యకరముగా సులభము: ప్రతిదినమును సబ్బుతోను శుభ్రమైన నీటితోను కాలు కడుగుట, మడతలలోను వ్రేళ్లసందులలోను తడి లేకుండ మెత్తనిగుడ్డతో అద్దుట, పుండ్లకు లేపనము వేయుట, కూర్చున్నప్పుడును పండుకొన్నప్పుడును కాలు ఎత్తున నుంచుట, మడమను ఆడించుట, తగిన చెప్పులు తొడుగుట. ఇంతమాత్రమున జ్వరములు తగ్గును, దుర్వాసన పోవును, కాలు మఱింత చెడుట నిలుచును. పురుషులకు వచ్చు వరిబీజమునకైతే శస్త్రచికిత్స కలదు. పంచెచాటున ఏండ్లతరబడి మోయుచు, హాస్యములకు గుఱియగుచు బ్రదుకవలసిన పనియే లేదు.

తెలంగాణ ప్రభుత్వము 2018 లో బోదకాలు రోగులకు నెలసరి పింఛను నీయ మొదలిడినది. ఆంధ్రప్రదేశమునను ముదిరిన బోదకాలునకు పింఛను కలదు. మంచిపని, మేము మెచ్చుకొందుము. కాని పింఛనుతోపాటు ఒక బేసిను, ఒక సబ్బు, ఒక తుండుగుడ్డ, కాలు కడుగు పద్ధతిని చేసి చూపు ఒక మనిషి ఆ యింటికి పోవలెను. డబ్బు రోగికి అన్నము పెట్టును. కడిగినకాలు రోగిని పనికి నడిపించును. రెండును కావలెను.

అన్నిటికన్న కష్టమైన చికిత్స మన యిండ్లలో జరుగవలసియున్నది. కాలు వాచిన తల్లిగల పిల్లను ‘‘ఆ యింట బోదకాలున్నది’’ అని పెండ్లికి వలదనుచున్నారు. పెండ్లియైన పిమ్మట కాలు వాచిన భార్యను పుట్టింట దిగవిడిచిన మగవారు కలరు. మగవానికి వరిబీజము వచ్చినచో భార్య నోరు మెదపక సంసారము చేయవలెనట. భార్యకు కాలు వాచినచో మగవానికి మఱియొక పెండ్లి న్యాయమట! ఈ ధర్మశాస్త్రము ఏ మునిది? రోగము అంటదు, సంతతికి పోదు అని తెలిసినపిమ్మటకూడ సంబంధము కాదనువాడు రోగమునకు భయపడుట లేదు. నలుగురి మాటకు భయపడుచున్నాడు. ఆ నలుగురిలో మనమును ఉన్నాము. మనము మాట మార్చినచో ఆ భయము పోవును. అది పోయిననాడు దాచినకాళ్లు వెలుగులోనికి వచ్చును. వెలుగులోనికి వచ్చిన కాలికే చికిత్స అందును.

ఇది కానిపని యనువారికి పొరుగుదేశములు జవాబు చెప్పుచున్నవి. చైనా పలుచోట్ల తినెడి ఉప్పులోనే ఈ మందు కలిపి ప్రజలచే తినిపించి 2007 నాటికి ఈ రోగమునుండి బయటపడినది. సింహళము 2016 లో, బంగ్లాదేశము 2023 లో విముక్తములైనట్లు ప్రపంచారోగ్యసంస్థ ధ్రువీకరించినది. వారి దోమలు మన దోమలకంటె సాధువులు కావు. మన రాష్ట్రములలోను పలుజిల్లాలు పరీక్షలలో నెగ్గి సామూహికముగా మాత్రలు మ్రింగించుటను నిలుపగలిగినవి. కావున కానిదేమియు లేదు. అయితే మాత్ర ఆగినచోట మురుగు ఆగలేదు, దోమ ఆగలేదు. ఏమఱినచో క్రిమి తిరిగి కాలూనును. నెగ్గిన ఊరు కాలువను చూచుకొనవలెను; నెగ్గని ఊరు మాత్రను మ్రింగవలెను; ఏ యూరైనను రోగిని కడుపులో పెట్టుకొనవలెను.

చదువరులలో ఉపాధ్యాయులు కలరు, వైద్యులు కలరు, పంచాయతీసభ్యులు కలరు, ఇల్లు నడుపు తల్లులు కలరు. మేము కోరునది ఎక్కువ కాదు. మాత్రలు వచ్చిననాడు వీథిలో అందఱియెదుట మీరు ముందుగా మ్రింగుడు. మీరు మ్రింగినదానిని చూచి పదిమంది మ్రింగుదురు. మీ వీథిమురుగు ఎచ్చట నిలిచినదో చూచి, అది పాఱువఱకు పంచాయతీవారిని విడువకుడు. మీ యెఱుకలోని రోగికి కాలు కడుగు విధము చెప్పి, మీ శుభకార్యములకు పిలిచి, పంక్తిలో మీ ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. వాచినకాలు ఆ యొక్కని పాపము కాదు. దానిని వాపించిన మురుగు మనది, దోమ మనది, మ్రింగక పాఱవేసిన మాత్ర మనది. రోగము ఊరిదైనప్పుడు సిగ్గును ఊరిదే కావలెను. అప్పుడుగాని మందు ఊరిది కాదు.